ఆఖర్న కుమ్మేసే వాన

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ముగ్గురు. వంతెనలకు డిజైన్లు గీసే నాన్న, పూలకుండీలే లోకమైన అమ్మ, చదువు ముగించి వరదల లెక్కలు చేస్తున్న కూతురు ఉడత. చిన్నప్పుడు ఇల్లంతా గెంతేదని పెట్టిన పేరు అది. పెద్దయ్యాక ఉడత నోరు విప్పడమే గగనమైపోయింది.

అలాంటిది, కొత్త వంతెన డ్రాయింగులు చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయలుదేరుతున్న నాన్నకు అడ్డంగా నిలబడింది.

"నాన్నా, ఆ వంతెనకి నీళ్లు పోయే ఖానాలు రెండు చాలవు."

"ఎంత వాన పడుతుందో నువ్వే చెప్పావు కదే? అంతే తీసుకున్నాను."

"ఎంత అన్నది సరే. ఎప్పుడెంత అన్నదే తేడా! వాన మొదట్లోనే దంచి కొడుతుందని లెక్కేశావు. అది నువ్వు ఇదివరకు పనిచేసిన మైదానాల వాన. ఈ లోయలో ముసురుగా మొదలై ఆఖర్న కుమ్మేస్తుంది. పాత వానలన్నీ గంటగంటకీ విడదీసి చూశాను."

"నిన్నగాక మొన్న కళ్లు తెరిచావు. నాకు వాన నేర్పుతావా? తప్పుకో!"

ఉడత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో రోజైతే గదిలోకి పారిపోయేదే. కానీ ఆ వంతెనకు ఎగువన, ఏటి ఒడ్డునే మేనత్త ఇల్లు. నీళ్లు వెనక్కి తంతే ముందు మునిగేది ఆ గడపే.

ఒక్క పరుగున వెళ్లి, పొడిమట్టి నింపిన రెండు కుండీలు ఈడ్చుకొచ్చింది.

"అయ్యో, రేపు గులాబీలు పెడదామనుకున్నానే!" అంది అమ్మ.

"పెడుదువులే అమ్మా. నాన్నా, చూడు!"

చెంబుతో నీళ్లు తెచ్చి, మొదటి కుండీలో చాలావరకు ముందే గుమ్మరించి, మిగిలిన కాసిని చుక్కలు చివర్న వేసింది. పొడిమట్టి గుటగుటా తాగేసింది. మళ్లీ చెంబు నింపి, రెండో దాంట్లో సన్నగా చిలకరిస్తూ, మట్టి బాగా నానాక, మిగతాదంతా ఒక్కసారి వంచేసింది. బురదనీళ్లు పొర్లి నాన్న బూట్ల మీదికి పారాయి.

"అదే చెంబు నాన్నా," అంది రొప్పుతూ. "నేల ముందే కడుపు నింపేసుకుంటే ఇంకెక్కడ తాగుతుంది?"

నాన్న బూట్ల మీది బురదనీ, మొదటి కుండీనీ మార్చి మార్చి చూశాడు.

"తండ్రీకూతుళ్లు గుడ్లప్పగించి చూస్తే సరా? ఈ బురద తుడిచేదెవరు?" అంది అమ్మ.

నాన్న నవ్వబోయాడు. అంతలోనే ఏటి ఒడ్డు ఇల్లు గుర్తొచ్చింది. "మీ అత్త ఇంటి దగ్గరే వంతెన కట్టిస్తున్నానని ఎన్ని గొప్పలు పోయానే! చేజేతులా ముంచేసేవాణ్ణి."

ఉడత తల నిమిరాడు. "నీ వాన పెట్టి లెక్కంతా మళ్లీ చేద్దాం. ముందు ఇంకాస్త గడువు అడగాలి. పద, ఆఫీసులో నువ్వే చెప్పు."

"అంతమంది ముందా? నా వల్ల కాదు!"

"నన్నే ఒప్పించావు. నాకంటే గట్టివాళ్లెవరూ లేరక్కడ."

పైకి అలా అంది. లోపల మాత్రం ఉడత మళ్లీ గెంతుతోంది. వద్దనేలోపే ఆమెను కారులోకి తోసి, నాన్న ధడాలున తలుపు మూసేశాడు.