వారానికి నాలుగు ఉపవాసాలు

"కట్," అన్నాడు అద్దం అవతలినుంచి శ్రీకుమార్. "మేడం, డైలాగు కంటే మీ ఊపిరే పెద్దగా వినపడతా ఉండాది."

విజికి ఒళ్ళు మండిపోయింది. కోడంబాక్కం డబ్బింగ్ థియేటర్లలో మూడేళ్ళుగా చెలికత్తెలకీ, నర్సులకీ, పెళ్ళి సీన్లో వెనక నవ్వే అమ్మాయిలకీ గొంతు అరువిచ్చింది. ఇన్నాళ్ళకి ఒక తమిళ సినిమా తెలుగులోకి దిగుతుంటే హీరోయిన్ గొంతు దొరికింది. దొరికిన మొదటి రోజే ఈ సౌండ్ ఇంజనీరు ఊపిరి దగ్గర పట్టుకున్నాడు.

"మనిషన్నాక ఊపిరి పీల్చదా?" అని మైకులోనే అడిగేసింది.

"పీల్చండి. పరిగెత్తుకోని వచ్చినట్టు పీలుస్తా ఉండారు. నిలబడే ఉండారు కదా, అందుకని చెప్పినా."

ఆ మాటకి కోపం కంటే భయం ఎక్కువేసింది విజికి. అమ్మకి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఇతని హెడ్‌ఫోన్స్‌లో పడిపోయింది మరి.

సంగతేమిటంటే, ఏడాదిన్నరగా ఆమెకి ఒంట్లో ఏదో అవుతోంది. ఏదో అనే అనాలి, దానికి ఎవరూ పేరు పెట్టలేకపోయారు. ఉన్నట్టుండి గుండె దడ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి, కళ్ళు తిరగడం, ఇప్పుడే ప్రాణం పోతుందన్నంత భయం. పావుగంటకి అన్నీ సర్దుకుంటాయి. మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ మాత్రం సర్దుకోదు. ఈసీజీ నార్మల్, థైరాయిడ్ నార్మల్. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన పెళ్ళి చేసెయ్యమన్నాడు.

పెళ్ళి మాట వినగానే వాళ్ళమ్మ అలమేలు ఉలిక్కిపడింది. పేరు లేని జబ్బున్న పిల్లని ఎవరు చేసుకుంటారు? అందుకే ఒకరోజు పురసవాక్కంలో చీరల కొట్టులో, బంధువుల కళ్ళముందే విజి కూలబడితే, ఆవిడ తడుముకోకుండా అనేసింది.

"శుక్రవారం గదా, ఉపవాసం. మా పిల్ల పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టదు."

బంధువులు మురిసిపోయారు. అబద్ధం అంత చక్కగా అతికితే ఒక్కదానితో ఎవరాగుతారు చెప్పండి? మంగళవారం కళ్ళు తిరిగితే మురుగన్‌కి, శనివారం తిరిగితే పెరుమాళ్ళకి, సోమవారమైతే శివుడికి. చూస్తుండగానే విజికి వారానికి నాలుగు ఉపవాసాలు వచ్చి పడ్డాయి.

చిక్కల్లా లోకం నమ్మేయడమే. ఆ మాట డబ్బింగ్ థియేటర్‌దాకా పాకింది. థియేటర్లో మధ్యాహ్నం అందరికీ అన్నం పార్సెళ్ళు వస్తాయి. ఆ నాలుగు రోజులూ విజి పార్సెల్ ఇంకెవరి ఒళ్ళోకో పోయేది. శ్రీకుమార్ ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. వ్రతంలో ఉండే మనిషి ముందర బిర్యానీ విప్పుతారా, బుద్ధి ఉందా అని అందర్నీ వరండాలోకి తోలేవాడు. అంత మర్యాద చేసే మనిషిని ఏమని తిట్టాలో విజికి తెలిసేది కాదు. గొంతు చెడుతుందని ఎటూ పెరుగు, నూనె మానేసింది. ఇక మిగిలింది పాలు లేని కాఫీ. రోజుకి ఆరు గ్లాసులు తాగి, ఏడుపులూ కేకలూ డబ్బింగ్ చెప్పేది.

ఆఖరికి అమ్మకి కూడా చెప్పకుండా డాక్టర్ సెలీనా దగ్గరికి వెళ్ళింది. ఆవిడ గంటసేపు విన్నది. రక్తం పరీక్ష చేయిస్తే ఐరన్ తక్కువ, బీ-ట్వెల్వ్ తక్కువ. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోవాలి, కాఫీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. బీ-ట్వెల్వ్‌కి సూదులు. మూడు గంటలకొకసారి తిండి, అందులో గుడ్డూ, మునగాకూ, రాగి జావా. దడ మొదలైతే నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వారానికోసారి వచ్చి కూర్చుని మాట్లాడాలి.

"రక్తంలో లోటు పూడిస్తే సగం తగ్గచ్చు," అన్నది డాక్టరు. "మిగతా సగం భయం. భయమంటే నటన కాదమ్మా, అదీ ఒంట్లో జరిగేదే. ఒక్క పూట కూడా కడుపు మాడ్చొద్దు."

నలుగురు దేవుళ్ళ పేరు చెప్పి మాడ్చుకుంటున్నానని విజి ఏ నోటితో చెప్తుంది? థియేటర్ బాత్రూంలో తలుపు గడియపెట్టి, ఉడికిన గుడ్డు నాలుగు ముక్కల్లో మింగేది. సిగ్గుతో గొంతుకి అడ్డం పడేది. అయినా గుణం కనిపించింది. వారానికి ఆరుసార్లు వచ్చే దడ రెండుకి దిగింది.

ఆమె కాస్త తేరుకుంటుంటే శ్రీకుమార్ చిక్కిపోతున్నాడు. బెల్టుకి కొత్త కన్నాలు పడ్డాయి, మీటలు తిప్పే వేళ్ళు వణుకుతున్నాయి. ఇతనికీ పేరు లేని జబ్బేదో ఉందనుకుని విజికి జాలేసింది. జాలితో మొదలుపెట్టి అద్దంలోంచి చూడటం అలవాటైంది. అతనూ చూసేవాడు. కళ్ళు కలిస్తే ఇద్దరూ చేతిలో కాగితాలు తిరగేసేవాళ్ళు. పురసవాక్కంలో మంచి డాక్టరమ్మ ఉందని ఒకరోజు చెప్తే, నాకేమీ లేదండీ అని నవ్వేశాడు.

రీళ్ళు ఒక్కొక్కటిగా దిగుతూ మూడు నెలలు పట్టింది. ఆఖరి రీలు శుక్రవారం నాడే వచ్చింది. హీరోయిన్ నాలుగు నిమిషాలు వెక్కి వెక్కి ఏడవాలి. పొద్దుటినుంచీ బాత్రూం ఖాళీ లేదు, గుడ్డు సంచీలోనే ఉండిపోయింది. మూడో టేకులో వేళ్ళు మొద్దుబారాయి. నాలుగో టేకులో తెర మసకైంది. డబ్బింగ్ డైరెక్టరు కామేశం గారు వాచీ చూసుకున్నారు.

"అమ్మాయ్, రేపటికి రీళ్ళు వెళ్ళిపోవాలి. ఉపవాసంతో నీవల్ల కాదులే. వేరే అమ్మాయిని పిలిపించి, రాత్రంతా కూర్చుని మొదట్నుంచీ చెప్పించేస్తాను. ఏమీ అనుకోకు."

మూడు నెలల కష్టం, ఒక్క మాటతో పోతోంది. నిజం చెబితే మాత్రం ఉంచుకుంటారా? రోగిష్టిదని ఊరంతా పాకుతుంది. అమ్మ తల ఎత్తుకోలేదు. విజి స్టాండు పట్టుకుని నాలుగు లెక్కపెట్టి పీల్చింది, ఆరు లెక్కపెట్టి వదిలింది.

"సార్, నాకు ఉపవాసం లేదు. ఏ రోజూ లేదు. నాకు ఒంట్లో బాగలేదు. దానికి పేరు లేదు, మందులు తింటా ఉండాను. అన్నం తిని కాసేపు కూర్చుంటే చెప్పగలను. ఒక అరగంట ఇయ్యండి."

కామేశం గారు కళ్ళజోడు తీశారు. "మూడు నెలలు నీ పార్సెళ్ళు తిన్నది నేనే కదమ్మా," అన్నారు నెమ్మదిగా. "గంట తీసుకో."

ఆయన బయటికి వెళ్ళగానే శ్రీకుమార్ లోపలికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"శుక్రవారం లేదా?"

"లేదు."

"శనివారం?"

"ఏదీ లేదని చెప్పినా కదా. మీకేమి?"

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "మీరు ఆకలితో నిలబడి మాట్లాడతా ఉంటే నేనెట్లా తింటా? మూడు నెలలుగా నాలుగు రోజులూ నేనూ ఉండినా."

విజి నవ్వింది. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. "పిచ్చా మీకు?"

"ప్రేమ. చెప్పే ధైర్యం లేక తినకుండా ఉండినా."

ఒక్క పెరుగన్నం పార్సెల్ దొరికింది. గొంతు సంగతి మరిచిపోయి ఇద్దరూ తిన్నారు. సంచీలో గుడ్డు అతనికే పెట్టింది. తర్వాత మొదటి టేకే ఓకే అయింది.

సాయంత్రం బస్టాపులో సన్నగా జల్లు పడుతోంది. ముందే చెప్పేయడం మేలని విజి చెప్పేసింది. ఇది పూర్తిగా పోతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. ఒక్కోసారి బస్సులో ఉన్నట్టుండి భయమేస్తుంది, ఏ స్టాపయినా సరే దిగిపోవాల్సిందే.

"నేనూ దిగుతా," అన్నాడు శ్రీకుమార్. "వెనకాల ఇంకో బస్సు రాదా ఏమి?"

ఇద్దరూ బస్సెక్కారు. విజి ఇల్లున్న చూలైకి ఇంకా దూరముండగానే ఆమె లేచి నిలబడింది. "దిగుదాం," అంది. అతను ఏమైందని అడగలేదు, గబగబా దారి చేసుకుంటూ ముందు దిగి, వానలో ఆమె కోసం చెయ్యి చాపాడు.

విజికి దడ లేదు, తిమ్మిరి లేదు. ఇంత త్వరగా ఇల్లు చేరడం ఇష్టం లేక దిగింది. ఆ మాట అతనికి చెప్పకుండా చెయ్యి పట్టుకుంది.