మైకు సుంకన్న మీద అచ్చులో పడిన మాట

ఆదోనిలో మైకు సుంకన్న ఇంటి అరుగు మీద తగాదా లేకుండా తెల్లవారిన రోజు లేదు. ఆయనకూ ఎదురింటి హుసేనప్పకూ చెరొక మైకుసెట్టు ఉంది. పెళ్ళిళ్ళకూ, హరికథలకూ, ఎన్నికల సభలకూ బాడుగకు ఇస్తారు. సుంకన్నది లండన్ మార్లో కంపెనీ గొట్టం, హుసేనప్పది బొంబాయి నవరత్న కంపెనీ గొట్టం. ఒకే వీధిలో ఒకే వ్యాపారం చేస్తున్నా గిరాకీ కోసం వాళ్ళెప్పుడూ కొట్లాడుకోలేదు. ఎవరి గొట్టం బాగా పలుకుతుందన్న దగ్గర మాత్రం పాముకూ ముంగిసకూ ఉన్న స్నేహం. ఆ స్నేహం కోసం రోజూ పొద్దున కలిసి టీ తాగకపోతే ఇద్దరికీ తోచదు.

“నీ నవరత్నం గొట్టంలో ఆడమనిషి పాడినా మొగమనిషి పాడినా ఒకటేప్పా. మేక అరిసినట్లుంటాది,” అన్నాడు సుంకన్న, తన గొట్టాన్ని పాత పంచెతో తుడుస్తూ.

“నీ గొట్టం పలికితే ఎమ్మిగనూరులో పసిపిల్లోల్లు ఉలిక్కిపడి లేస్తాండారంట. దాన్ని పాట అంటారా, బెదిరింపు అంటారా?”

“ఎమ్మిగనూరు దాకా పోయిందని నువ్వే ఒప్పుకుంటివి గదా! ఇంగేం కావల్ల?”

టీ గ్లాసులు తెచ్చిన కోడలు తిరుపతమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకుంది. ఆమెది రాజంపేట. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. మామ ఆమెను కూతురిలాగే చూసుకుంటాడు. కర్నూలు నుంచి ‘తుంగవాణి’ వారపత్రిక వచ్చిన రోజు ఆ ప్రేమ ఇంకాస్త ఎక్కువవుతుంది.

“కండ్లద్దాలు యాడ పెట్టినానో కనపడ్ల్యా తల్లీ. రోంత నువ్వు సదువు,” అంటాడు.

నిజానికి ఆ ఇంట్లో కళ్ళద్దాలే లేవు. సుంకన్నకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. చదువు రాని మనిషికి అచ్చు మీద ఎంత భక్తో చెప్పలేం. నోటి మాట గాలికి పోతుంది గానీ అచ్చులో పడిన మాట అబద్ధం కాదని ఆయన నమ్మకం.

ఆ పొద్దున కూడా పత్రిక వచ్చింది. అందులో ‘శ్రోత’ అనే పేరుతో ఎవరో పాటకచేరీల మీదా హరికథల మీదా మంచీ చెడూ రాస్తుంటారు. ఈసారి ఆదోని హరికథ గురించి ఉందని చూడగానే తిరుపతమ్మ ఉత్సాహంగా మొదలుపెట్టింది. ఆ కథకు మైకు పెట్టింది మామే మరి.

“మొన్న ఆదోనిలో జరిగిన హరికథకు వెళ్ళాము. కథకుని కంఠం తేనె. ఆ తేనెను...”

అక్కడ ఆమె ఆగిపోయింది. ఎదురుగా ఉన్న అక్షరాలు ఇవి: ‘ఆ తేనెను రేకుడబ్బాలో పోసి, గులకరాళ్ళు కలిపి ఆడించి మన చెవుల్లో పోసిన ఘనత మైకు సుంకన్నగారిది. గొట్టం లండన్‌దే కావచ్చు. రాముడు ఏడ్చాడో నవ్వాడో మాత్రం తెలియలేదు. గట్టిగా వినిపించడం వేరు, బాగా వినిపించడం వేరు.’

“ఏం తల్లీ, నిలిపేస్తివి?” సుంకన్న గుడ్డ పక్కన పెట్టి ముందుకు వంగాడు. హుసేనప్ప కూడా చెవి ఒగ్గాడు. ఆయనకు నాలుగు అరబ్బీ అక్షరాలు తప్ప తెలుగు చదవడం రాదు.

తిరుపతమ్మ మామ ముఖం చూసింది. ఇంత ఆశగా ఎదురుచూస్తున్న మనిషిని ఎట్లా కొట్టడం? కళ్ళు కాగితం మీదే ఉంచి, నోటికి వచ్చింది చదివేసింది.

“ఆ తేనెను ఒక్క చుక్క ఒలకకుండా మన చెవుల్లో పోసిన ఘనత మైకు సుంకన్నగారిది. గొట్టం లండన్‌దే కావచ్చు, దానికి ప్రాణం పోసింది ఆదోని మనిషి.”

 సుంకన్న పత్రిక అడిగి తీసుకొని, కళ్ళకద్దుకొని, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. “నా పేరు అచ్చులో పడింది మే!” అని లోపలికి కేకేశాడు. అత్త మహాదేవమ్మ పరుగున వచ్చి, సంగతి విని, గుప్పెడు ఉప్పు తెచ్చి మొగుడికి దిష్టి తీసింది. హుసేనప్ప గబగబా టీ తాగి వెళ్ళిపోయాడు. తిరుపతమ్మ మాత్రం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

అసలు బాధ వేరే ఉంది. ‘గట్టిగా వేరు, బాగా వేరు’ అన్న మాట ఆమె మొగుడి నోట రోజూ వినేదే. భర్త రామకృష్ణ బజారులో రేడియోలు రిపేరు చేస్తాడు. పెరట్లో మామిడిచెక్కతో పెద్ద పెట్టెలు చేసి, వాటిలో స్పీకర్లు బిగించి, తండ్రిని ఒక్కసారి వినమని ఏడాదిగా బతిమాలుతున్నాడు.

మధ్యాహ్నం అతను జొన్నరొట్టె ముందు కూర్చోగానే అడిగేసింది. “శ్రోత అంటే నువ్వేనా?”

రామకృష్ణ తల వంచుకున్నాడు. “నోటితో నూరుసార్లు చెప్పినా. నిన్న పుట్టినోనివి, నీకేం తెలుసంటాడు. అచ్చులో పడితేనన్నా నమ్ముతాడని రాసినా. నమ్మినాడా?”

“నమ్మినాడు,” అంది తిరుపతమ్మ. తర్వాత తాను చేసిన నిర్వాకం చెప్పింది.

రామకృష్ణ చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. “ఎంత పని చేస్తివి మే! బేస్తవారం మంత్రాలయం పోతాండాడు తెలుసునా?”

తెలుసు. ఎన్నో ఏళ్ళుగా సుంకన్నకు ఒకటే కోరిక, రాఘవేంద్రస్వామి ఆరాధనలో తన మైకు పలకాలని. ఈ శ్రావణంలో మైకు ఎవరిది పెట్టాలో తేల్చడానికి భజన కమిటీ పెద్దలు గురువారం రమ్మని కబురు పెట్టారు. ఆయన ఆ కాగితం తీసి గర్వంగా వాళ్ళ చేతిలో పెడతాడు. వాళ్ళు పైకి చదువుతారు. నలుగురిలో మనిషి పరువు గంగలో కలుస్తుంది.

రెండు రోజులు ఇద్దరూ నువ్వు చెప్పంటే నువ్వు చెప్పనుకున్నారు. సుంకన్న ఈలోగా వీధిలో కనబడిన ప్రతివాడికీ జేబు తట్టి చూపించాడు. అదృష్టం బాగుండి ఎవరూ విప్పి చదవలేదు. బుధవారం సాయంత్రం ఆయన ఇస్త్రీ పంచె సంచిలో పెట్టుకుంటుంటే తిరుపతమ్మ ఇక ఆగలేకపోయింది.

“మామా, ఆ కాగితం తీసుకొని పోవద్దు.”

“ఏమిటికి తల్లీ?”

“అందులో నేను చదివినట్లు లేదు మామా. నిన్ను తిట్టినారు. నీ ముఖం చూసి చెప్పలేక మార్చి చదివినాను. నాదే తప్పు.”

“రాసింది నేను నాయనా,” అన్నాడు గడపలో నిలబడ్డ రామకృష్ణ.

సుంకన్న ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ముఖం కందగడ్డ అయింది. “ఓహో! నాకు సదువు రాదని మొగుడూ పెండ్లాం కలిసి ఆట ఆడుకుంటిరా? ఒగరు రాసేది, ఒగరు మార్చేది! నడిమధ్య నేను ఊరంతా తిరిగి జేబు సూపించుకుంటి గదరా!”

“ఆట గాదు మామా...”

“కండ్లద్దాలు ల్యావని నాకు తెలీదా? మీకు తెలుసని నాకు తెలీదా? నా కోడలు సదివింది సదివినట్లు చెప్తాదని గదమ్మా ఇన్నాళ్ళూ నీ నోటితో ఇంటాంటి! ఇంగ ఎవుర్ని నమ్మల్ల?”

ఆ మాటకు తిరుపతమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. పెళ్ళాం కన్నీళ్ళు చూసి రామకృష్ణకు రోషం వచ్చింది.

“దాన్ని అనాకు. మొదులు నువ్వు ఇన్యావా ఎవురి మాటన్నా? మోత పెంచే మర తిప్పితే కడకంటా తిప్పుతావు. గొట్టం పగిలిపోతాందని చెప్పినా ఇనవు. నీకు చెప్పేది చెవిటోని ముందర శంఖం ఊదినట్లే!”

ఊళ్ళో అందరూ రోజుకు పదిసార్లు వాడే సామెతే. కానీ ఆ మాట సుంకన్నకు సూటిగా తగిలింది. మెల్లగా మంచం మీద కూర్చున్నాడు. మహాదేవమ్మ వంటింట్లోంచి వచ్చి, మొగుడి పక్కన నిలబడి, కొడుకును కోపంగా చూసింది.

“ఇంగ చెప్పెయ్యి,” అంది మొగుడితో. “ఎన్నాళ్ళు దాస్తావు?”

సుంకన్న తల ఎత్తలేదు. “ఎడమ చెవి పోయి రెండేండ్లాయ రా. కుడిది గూడా సగమే. ఇరవై ఏండ్లు గొట్టాల కింద కూర్చుంటి గదా. నాకు ఇనపడేంత వరకూ తిప్పుతాండా. మైకోడు చెవిటోడని తెలిస్తే ఎవురు పిలుస్తారు?”

 రామకృష్ణకు తాను రాసిన ప్రతి అక్షరం గుండెలో గుచ్చుకుంది. వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “నాకు తెలీదు నాయనా. తెలిసింటే చెయ్యి ఇరగ్గొట్టుకుందు గాని రాసేవోన్ని గాదు.”

సుంకన్న జేబులోంచి కాగితం తీసి కోడలికి చాపాడు. “ఇప్పుడు సదువు తల్లీ. ఒక్క అక్షరం తప్పకుండా. ఈ కుడి పక్కన కూర్చోని సదువు.”

తిరుపతమ్మ ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివింది. రేకుడబ్బా, గులకరాళ్ళు, ఏడ్చాడో నవ్వాడో తెలియని రాముడు, అన్నీ చదివింది. ఆ రోజు భయంతో ఆపేసిన చోటికి వచ్చాక, ఇంకో నాలుగు వాక్యాలున్నాయని మొదటిసారి చూసింది.

“ఈ సుంకన్నగారే ఒకప్పుడు పాట మొదలుకాగానే స్టేజీ వదిలి చివరి వరస దాకా నడిచేవారు. అక్కడ కూర్చున్న అవ్వను ‘ఏమవ్వా, మాట తెలుస్తాందా?’ అని అడిగి, ఆమె తెలుస్తాందంటేనే వెనక్కి వచ్చేవారు. వినడమంటే ఏమిటో ఆయన వెనకాల నడిచిన మాకు నేర్పింది ఆయనే. ఆయన మళ్ళీ ఆ చివరి వరసకు నడవాలని మా కోరిక.”

సుంకన్న కళ్ళనుంచి నీళ్ళు జారాయి. కొడుకు తల మీద చెయ్యి వేశాడు. “అది గూడా రాస్తివా రా,” అన్నాడు. కాసేపటికి ముక్కు చీదుకొని, “ఆ పెట్టెలు యాడుండాయి, పలికించు సూద్దాం,” అన్నాడు.

హుసేనప్పను కూడా పిలిచారు. పత్తి సంత మైదానంలో పొద్దు గూకేదాకా పరీక్ష జరిగింది. గొట్టం ఊరవతలి దాకా పోయింది గానీ మాటలు ముద్దయ్యాయి. రామకృష్ణ పెట్టెల్లో మాట ముత్యంలా వినిపించింది గానీ సగం మైదానం దాటలేదు. సుంకన్న కుడి చెవి పెట్టెకు ఆనించి చాలాసేపు విన్నాడు. “దగ్గర జనానికి పెట్టెలు, దూరం జనానికి గొట్టాలు. మర సగానికే,” అని తీర్పు చెప్పాడు. ఆ గొట్టం ఏ కంపెనీదై ఉండాలన్న దాని మీద హుసేనప్పతో తగాదా తెగడానికి మరో గంట పట్టింది.

గురువారం సుంకన్న మంత్రాలయం వెళ్ళి, కమిటీ పెద్దల ముందు కాగితం తానే విప్పాడు. “ఇది నా మీద పడిన మాట స్వామీ. నిజమే. సదువుకొని సూడండి. ఈసారి నా కొడుకూ కోడలూ నాతో వస్తారు. ఒక్క సాయంత్రం ఇని చెప్పండి,” అన్నాడు. తిట్టు కాగితం తానే తెచ్చి చూపించే మనిషిని వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఆరాధనలో ఒక్క సాయంత్రం ఇచ్చారు.

ఆరాధన రోజు తుంగభద్ర ఎర్రగా పారుతోంది. వేదిక ముందు మామిడిచెక్క పెట్టెలు, వెనక మార్లో గొట్టం, ఏటి గట్టున హుసేనప్ప నవరత్న గొట్టం. ఇసుక వేస్తే రాలనంత జనం. చివరి వరసలో ఆడవాళ్ళ మధ్య తిరుపతమ్మ. అక్కడ కూర్చోబెట్టింది మామే.

“నా కాళ్ళు ఆ జనంలో నడవల్యావు, నడిచినా నా చెవి ఆడ పని చెయ్యదు,” అన్నాడు. “నువ్వు ఆడ నుంచి ఉన్నది ఉన్నట్లు చెప్పల్ల. నా ముఖం సూడాకు. పాట ఇను.”

కీర్తన మొదలైంది. సుంకన్న మర పక్కన నిలబడి, జనం తలల మీదుగా కోడలి వైపు చూసి చెయ్యి ఎత్తాడు. బాగుందా అని.

పక్కన ఒక అవ్వ చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకొని కూర్చుంది. తిరుపతమ్మ ఆమె వైపు వంగింది. “మాట తెలుస్తాందా అవ్వా?”

“మోత తెలుస్తాందమ్మా. మాట ఏం తెలుస్తాది!”

అంత దూరం నుంచి కూడా మామ ముఖంలో ఆశ కనబడుతోంది. ఇన్నేళ్ళ కోరిక తీరిన రోజు. వేదిక మీద పెద్దలందరూ ఆయన్నే చూస్తున్నారు. తల ఊపడం ఎంత సులువు! తిరుపతమ్మ లేచి నిలబడింది. అందరూ చూస్తుండగానే, కాదని తల అడ్డంగా తిప్పింది.

సుంకన్న మర తగ్గించాడు. మళ్ళీ చూశాడు. ఆమె మళ్ళీ అడ్డంగానే తిప్పింది. ఆయన ఇంకొంచెం తగ్గించాడు. ఈసారి ఆయనకు ఏమీ వినబడి ఉండదని ఆమెకు తెలుసు. అయినా ఆయన చెయ్యి మర మీద నుంచి కదలలేదు, చూపు ఆమె మీద నుంచి కదలలేదు.

అవ్వ చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి ఒళ్ళోకి దిగింది. పెదవులు కదిలాయి. పాటగాడితో పాటు మాట మాటకూ తానూ పాడుకోసాగింది.

తిరుపతమ్మకు కళ్ళు మసకబారాయి. రెండు చేతులూ ఎత్తి, నవ్వుతూ, ఏడుస్తూ, అవునవునని మామ కేసి తల ఊపింది. ఆయన ఆ మాటను నమ్మాడు.