ఉష్వాయా చేరని సెవెరో

దగ్గరికి జరుగు తల్లీ, ఈ ఎల్ ఆల్టో కొండమీది గాలికి మాట చెదిరిపోతుంది. మినీబస్సు నడిపే సెవెరో మాయమైన సంగతి చెబుతాను.

జూన్‌లో కనిపించకుండా పోయాడు. నవంబర్ వచ్చినా జాడ లేదు.

దక్షిణాన, అర్జెంటీనా చిట్టచివర ఉన్న ఉష్వాయాలో పనికి వెళ్లాడని అతని అన్న రుఫినో చెప్పాడు. అక్కడ ఇంకో ఆడదాన్ని చూసుకున్నాడని వీధివాళ్లు చెప్పుకున్నారు. సెవెరో భార్య బసిలియా పోలీసు సార్జెంట్ తికోనా ముందుకొచ్చి ఒక్కటే అడిగింది.

"నన్ను వదిలేశాడా, చచ్చిపోయాడా అయ్యా? రేపే చనిపోయినవాళ్ల పండగ. బతికున్నవాడికి కూడు పెడితే అరిష్టం. చచ్చినవాడికి పెట్టకపోతే ఆకలితో తిరుగుతాడు. నేనేం చేయను?"

తికోనాకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఆత్మలు దిగివచ్చే వేళ, తికోనా రుఫినో ఇంటికి వెళ్లాడు. ఆ రోజు ప్రార్థన చేస్తానని వచ్చినవాణ్ణి ఎవరూ గుమ్మంలో ఆపరు కదా.

లోపల, పోయినవాళ్ల కోసం నల్లగుడ్డ పరిచిన బల్ల. ఉడికిన బంగాళాదుంపలు, చెరకు గడలు, మొహాలు అతికించిన బొమ్మ రొట్టెలు.

తికోనా టోపీ తీశాడు. "ఎవరి పేర్లు తలవాలి?"

"అమ్మా, నాన్నా. అంతే సార్."

తలిచాడు. లేచాడు.

"తమ్ముణ్ణి ఎయిర్‌పోర్టులో ఎన్నింటికి దింపావు?"

"పొద్దున ఎనిమిదికి."

"చేరానని ఫోన్ ఎప్పుడు చేశాడు?"

"ఆ సాయంత్రం నాలుక్కే. మంచు పడుతోంది అన్నయ్యా అన్నాడు."

"అంత తొందరగానా?"

"మ్యాప్ చూడండి సార్. ఇక్కణ్ణుంచి నిట్టనిలువుగా కిందికి గీత గీసినట్టుంటుంది. నాలుగువేల కిలోమీటర్ల పైచిలుకు. విమానమంటే మన మినీబస్సా, సందుసందుకీ ఆగడానికి?"

"ఎప్పుడైనా ఎక్కావా?"

"మాకెక్కడిది సార్ ఆ యోగం!"

"అదీ సంగతి. ఆ గీత మీద ఏ విమానమూ పోదు రుఫినో. సాంతా క్రూజ్‌లో దిగాలి. బ్వేనోస్ ఐరెస్‌లో దిగాలి. పడిగాపులు పడి మళ్లీ ఎక్కాలి. మర్నాటికి గానీ ఉష్వాయా మొహం చూడడు."

రుఫినో పెదాలు తడుపుకున్నాడు. "రోజు తప్పు చెప్పానేమో. తాగి ఉన్నాను."

"కావచ్చు. ఈ రొట్టెలు చేసినప్పుడు కూడా తాగే ఉన్నావా?"

"ఏం సార్?"

"పోయిన మనిషికో బొమ్మ. అమ్మకొకటి, నాన్నకొకటి. చెరకు వెనక దాచిన మూడోది ఎవరికి?"

అంత చలిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక ఈగ, ఆ మూడో రొట్టె మీద వాలింది. మనవాళ్ల ఆత్మలు ఈగల రూపంలో వస్తాయని నీకు తెలుసుగా.

ఈగను తోలబోయి తికోనా చెయ్యి ఎత్తాడు.

"కొట్టకండి సార్!" రుఫినో అతని చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు. "తిననివ్వండి. ఐదు నెలలుగా తలుపు దగ్గర ఆకలి అన్నయ్యా అంటున్నాడు."

మినీబస్సు నీదా నాదా అని దారిలో గొడవపడ్డారట. ఒక్క తోపు తోశాడు. కింద లోయ.

"బతికున్నవాడికి మనలో ఎవరూ రొట్టె చేయరు," అన్నాడు తికోనా. "పోలీసుల దగ్గర బొంకావు. తమ్ముణ్ణి పస్తుంచలేకపోయావు."

కబురు విని బసిలియా కుప్పకూలింది. చాలాసేపటికి, "నన్ను వదిలి పోలేదు," అంది. కళ్లు తుడుచుకుని, పొయ్యి రాజేసింది. ఆత్మలు వెళ్లిపోవడానికి మర్నాటి మధ్యాహ్నం దాకా వ్యవధి ఉంది.

నువ్వూ మరిచిపోకు తల్లీ. ఎవరి బల్ల ముందు కూర్చున్నా సెవెరో పేరు కూడా తలుచుకో. ఎవరతను అని అడిగితే, ఇదంతా చెప్పు.