కన్ను లేని దుంప

పెరట్లో పైపు పగిలిందని ప్లంబరుకు కబురుపెట్టి, తాళంచెవి పక్కింటావిడకిచ్చి ఆమె డ్యూటీకి వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి పైపు బాగైంది, పూలమడి మాయమైంది.

"ఇక్కడ దుంపలుండాలి," అంది, అప్పుడే పూడ్చిన మట్టిని చూస్తూ.

"ఉన్నాయండి. కుళ్లిన చిలగడదుంపలు. చెత్తబండి వస్తే పడేశాను," అన్నాడు ప్లంబరు, ఏదో సాయం చేసినవాడిలా.

"అవి డేలియాలు."

"అంటే?"

"పువ్వులు. మా అమ్మమ్మ వాళ్లమ్మ నాటింది. ఏటా తవ్వి, విడదీసి, మళ్లీ నాటుకుంటూ వచ్చాం. ముదురెరుపు రేకు, అంచున తెలుపు. అలాంటివి నేనింకెక్కడా చూళ్లేదు."

గట్టిగా నాలుగు మాటలు అందామనుకుంది. అమ్మ పోయాక ఈ ఏడాదిగా ఇంట్లో గొంతు పెంచే అవసరమే రాలేదు. ఎలా అరవాలో మరిచిపోయింది.

ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. రోజూ బోలెడుమందితో మాట్లాడుతుంది కానీ మాటలు మూడే. పీల్చండి, బిగబట్టండి, వదలండి. ఇంటికొస్తే ఆ మూడు మాటలకీ మనిషి లేదు. అమ్మ కాగితం పొట్లాల్లో దాచిన పూలవిత్తనాలను, పొట్లం మీది చేతిరాత తడుముకుంటూ, ఈసారి ఒక్కతే చల్లింది. వసంతం రాగానే గోడ పొడవునా హాలీహాక్ మొలకలు లేచాయి. "చూశావా" అనబోయి పక్కకు తిరిగితే ఖాళీ కుర్చీ.

మర్నాడు సాయంత్రం ప్లంబరు మళ్లీ వచ్చాడు. మోకాళ్లదాకా బురద, చేతిలో గోనెసంచి. చెత్తదిబ్బంతా తిరగేశాడట. సంచిలో మూడే దుంపలు దొరికాయి. రెండు పార దెబ్బకు చీలిపోయాయి. మూడోది నిండుగా ఉంది.

"ఇది బతుకుతుంది కదండీ?"

ఆమె దాన్ని తిప్పి చూసింది. డేలియా మొలిచేది దుంప మెడ దగ్గరుండే కన్నులోంచే. దీనికి మెడే తెగిపోయింది. ఎన్నాళ్లు పాతిపెట్టినా మొలవదు. ఆ మాటే చెప్పబోయింది.

"తప్పు నాది. మొలకొచ్చేదాకా రోజూ నేనే వచ్చి నీళ్లు పోస్తాను," అన్నాడతను.

తెరిచిన నోరు మూసుకుని, "సరే," అంది.

అప్పట్నుంచి రోజూ ఐదున్నరకి గేటు కిర్రుమనేది.

"ఏమంటున్నాడు మావాడు?" అనేవాడు, దుంప పాతిన మట్టికేసి చూస్తూ.

"ఇంకా లేవలేదు."

"కుంభకర్ణుడి వంశమేమో."

"మీ పారకి భయపడి దాక్కున్నాడేమో."

"పార ఇంట్లో వదిలొచ్చానండి. కావాలంటే సంచీ తనిఖీ చేసుకోండి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు పక్కగదిలో ఎవరిదోలా వినిపించింది.

ఓరోజు కుండపోత వాన. ఇవాళ రాడనుకుంది. గొడుగు వేసుకుని వచ్చి, నీళ్ల క్యాను పట్టుకున్నాడు.

"వాన పోస్తోందిగా?"

"వానకేం తెలుసండీ, ఎక్కడ పడితే అక్కడ పోస్తుంది. నేనైతే సరిగ్గా దుంప మీదే పోస్తాను."

అలమరలో వెనక్కెళ్లిపోయిన రెండో టీకప్పు ముందుకొచ్చింది. కానీ అతను వెళ్లాక ఇల్లు మునుపటికన్నా పెద్దదయ్యేది. మొలవని దుంప మీద తడిమట్టి చూసినప్పుడల్లా ఆమెకు దొంగతనం చేసినట్టుండేది.

నలభై రోజులయ్యాక అతను మామూలుగా అన్నాడు. "పక్క జిల్లాలో పెద్ద హాస్టల్ కడుతున్నారు. పైపుల పనంతా నాకిస్తామన్నారు. ఏడాదిపాటు అక్కడే ఉండాలి. రానని చెప్పేస్తాను."

"అంత పని వదులుకుంటారా?"

"మొలక చూడకుండా ఎలా వెళ్తాను? మాటిచ్చాను కదా."

ఊరుకుంటే రేపు కూడా ఐదున్నరకి గేటు కిర్రుమంటుంది. చెప్పిందంటే ఇక లేదు.

"అది మొలవదండీ. దానికి కన్ను లేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు తెచ్చిన రోజే."

"అంటే నలభై రోజులు రాయికి నీళ్లు పోశానన్నమాట. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు రావడం మానేస్తారని."

అతను క్యాను పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు గేటు కదల్లేదు. ఆ మర్నాడూ అంతే. ఆస్పత్రిలో ఒక పెద్దాయనకి "బిగబట్టండి" అని చెప్పి, ఎక్స్‌రే తీసి, అలాగే ఉండిపోయింది. "ఇక వదలమంటావా తల్లీ," అన్నాడాయన, మొహం కందగడ్డ చేసుకుని.

ఆదివారం పొద్దున హాలీహాక్‌లకు ఊతకర్రలు కడుతుంటే గేటు దగ్గర అలికిడైంది. అతనే. చేతిలో పనిసంచి లేదు, లోపలికి అడుగు పెట్టలేదు.

"పని ఒప్పుకున్నానండి. రేపే ప్రయాణం."

"మంచిది," అంది, ఊతకర్రకు ముడి బిగిస్తూ.

"మొదటిరోజు బాగా కోపమొచ్చింది. రెండోరోజు ఐదున్నరయ్యేసరికి కాళ్లు ఇటే తిరిగాయి. నేను ఆ దుంప కోసం రావట్లేదని అప్పుడర్థమైంది." అతను మెడ రుద్దుకున్నాడు. "అక్కణ్ణుంచి ఆదివారాలు ఇటు బస్సుంది. కానీ ఇక్కడ నాకిప్పుడు పనేం లేదు. ఏ వంక పెట్టుకుని రావాలో ఎంత ఆలోచించినా తట్టలేదు."

ఆమె చేతిలో తాడు కింద పెట్టి, వెళ్లి గేటు బార్లా తీసింది.

"వంక లేకుండా రండి."