తడిసిన చొక్కా తత్త్వం

పళ్ల డాక్టరు పళ్లు నూరుతూ బైండింగు షాపులోకి వచ్చాడు. పదిమంది పళ్లు అరిగిపోకుండా కాపాడేవాడు తన పళ్లు తనే అరగదీసుకుంటున్నాడంటే విషయం గట్టిదే. చంకలో దిండంత పుస్తకం ఉంది.

"ఈ పుస్తకం కుట్టిందెవరు?"

బల్ల వెనక పిండి జిగురు కలుపుతున్న అమ్మాయి తలెత్తింది. ముక్కు చివర కాస్త జిగురంటుకుని ఉంది. డాక్టరు చూపు నేరుగా వెళ్లి అక్కడే అతుక్కుంది.

"నేనేనండీ. ఏం, మిమ్మల్ని కుట్టిందా?"

"కుట్టడం కాదు, కాటేసింది! నా జీవితానికి అర్థం ఇందులో ఉంది!"

"మరింకేం? సంతోషించక!"

"అర్ధమే ఉంది! తక్కిన సగం లేదు!"

పాపం, డాక్టరు బాధ డాక్టరుది. పొద్దస్తమానం జనం నోళ్లలోకి తొంగి చూసీ చూసీ, ఎంత పూడ్చినా పూడని గుంత ఒకటి తనలోనే ఉందని అతనికి అనుమానం పట్టుకుంది. దాన్ని సిమెంటుతో నింపలేక పుస్తకాలతో నింపడం మొదలుపెట్టాడు. కవిత్వం నమిలాడు. నవలలు మింగాడు. చివరికి ఈ తత్త్వశాస్త్రం మీద పడ్డాడు. ఆదివారాలు క్లినిక్కులోనే ఓ చర్చా బృందాన్ని కూర్చోబెట్టి, మత్తు ఇంజక్షను లేకుండానే వాళ్లని మత్తులో ముంచుతున్నాడు.

"ఇక్కడ చూడండి," అంటూ పుస్తకం తెరిచాడు. "'యుగయుగాలుగా మనిషి అడుగుతున్న ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఏమిటంటే...' పేజీ అయిపోయింది. తిప్పాను. ఏముందో తెలుసా? 'ముందు ఆ తడిసిన చొక్కా ఆరేయండి, తరవాత మాట్లాడదాం, అంది ఆమె నవ్వాపుకుంటూ.'"

అమ్మాయి జిగురు కుంచె జారిపోయింది.

"నేను బోల్తా పడ్డానండీ! ఎంత లోతు! తడిసిన చొక్కా అంటే అహంకారం అనుకున్నాను. దాన్ని విప్పందే సత్యం మాట్లాడదు! ఆదివారం గంటసేపు ఉపన్యాసం దంచాను. రిటైర్డ్ జడ్జి గారైతే కళ్లు తుడుచుకున్నారు. తరవాతి పేజీలో ఎవరో మేనత్త పెట్టె పట్టుకుని దిగింది. ఆమెని కాలం అన్నాను."

"మేనత్తనా?"

"చెప్పకుండా వస్తుంది, ఎప్పుడు పోతుందో తెలీదు, కాలం కాక మరేమిటి? అప్పుడు జడ్జి గారే కళ్లద్దాలు సవరించుకుని, పేజీ నంబర్లు కలవట్లేదు డాక్టరూ, అన్నారు. అందరూ నవ్వారు. అప్పుడు నాకు తత్త్వం బోధపడింది!"

ఆ అమ్మాయి బల్ల మీద తల వాల్చేసి నవ్వింది. కాగితాలు ఎగిరాయి. వెనక కత్తిరించే మిషను దగ్గరున్న వాళ్ల నాన్న, అంటే షాపు ఓనరు, మిషను ఆపి మరీ చూశాడు.

"తప్పు నాదేనండీ," అంది కళ్లు తుడుచుకుని. "ఇదిగో, మడతపెట్టి వచ్చే ఈ పేజీల కట్టని మేం ఫారం అంటాం. ఫారాలన్నీ దొంతరలుగా పేర్చి, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో దాంట్లోంచి ఒక్కోటి తీసి కలుపుతాం. అప్పుడు మీ తత్త్వంతోపాటు ఓ ప్రేమ నవల కూడా బైండింగుకొచ్చింది. నేను నవల చివరి ఫారం చేత్తో పట్టుకుని చదువుతూ మీ పుస్తకం చుట్టూ తిరిగాను. మొదటి వాక్యం దగ్గరుండగా నాన్న పిలిచారు. ఎక్కడ పెట్టానో మర్చిపోయాను."

"ఎక్కడ పెట్టారో నాకు తెలుసు!"

"ఇంకో కాపీ ఇప్పిస్తాను."

"వద్దు. మార్జిన్ల నిండా నా పెన్సిలే. నాకు నా పుస్తకమే కావాలి. నా చివరి ఫారం ఏదీ?"

ఆమె కాస్త సిగ్గుపడింది. "నా దగ్గరే ఉంది. తప్పు పడిన కాపీలు మేమే ఉంచుకుంటాం. నా నవలలో హీరో వానలో తడిసి ముద్దయి తలుపు కొడతాడు. హీరోయిన్ తలుపు తీసి ఏమంటుందో తెలుసా? 'తొందరపడేవారికి సత్యం చిక్కదు. ముందుగా నేను అంటే ఎవరో తేల్చుకుందాం.'"

"ఆహా!"

"ఆహానా! తడిసినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి అన్ని పేజీలు క్లాసు పీకింది! తిట్టుకున్నాను. ఆనక ఆ తత్త్వం నాకూ మెల్లిగా ఎక్కేసింది. మర్నాడు ఎవరో తలుపు కొడితే, ఎవరూ, అని అరిచి, ముందు నేనెవర్నో అని ఆలోచిస్తూ నిలబడిపోయాను. కొట్టినాయన వెళ్లిపోయాడు."

ఈసారి డాక్టరు నవ్వాడు. పళ్లు బాగున్నాయి. ఆమె గమనించింది.

"అయితే నా జవాబు మీ దగ్గరుంది," అన్నాడు.

"నా హీరో మీ దగ్గరున్నాడు," అంది. అన్నాక నాలుక్కరుచుకుంది.

రెండు పుస్తకాలూ విప్పి, ఫారాలు మార్చి, మళ్లీ కుట్టాలి. గట్టిగా పూనుకుంటే ఒక్క పూట పని. కానీ వానాకాలం. జిగురు ఆరదు. జిగురు ఆరలేదని అతను రోజూ మధ్యాహ్నం చూడ్డానికి వచ్చేవాడు. అతను చూడ్డానికి వస్తాడని ఆమె జిగురు ఆరనిచ్చేది కాదు.

కుట్టేలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని ఒప్పందం కుదిరింది. రోజుకో పేజీ. ఆమె ఫారం అతను చదివి వినిపించాలి, అతని ఫారం ఆమె చదవాలి. చివరి పేజీలు మాత్రం ఆఖరిదాకా ఎవరూ బయటపెట్టకూడదు.

"'మీ కళ్లు...'" అని చదివి ఆగిపోయేవాడు డాక్టరు.

"ఊఁ, నా కళ్లు?"

"మీవి కావండీ, హీరోయిన్‌వి. 'మీ కళ్లు చూస్తే నాకు మాట రాదు.'"

"మీకెందుకు రావట్లేదు మరి?"

"గొంతులో దుమ్ము. కాగితపు దుమ్ము."

ఓనరు మిషను చప్పుడు మధ్యలోంచి కేకేసేవాడు. "డాక్టరు గారూ, మా అమ్మాయి పొద్దున కుట్టింది సాయంత్రం విప్పుతోంది. పన్ను పీకడానికి మీకూ ఇంతసేపు పడుతుందా?"

"గట్టిగా పాతుకుపోతే పడుతుందండీ!"

"ఊఁ. ఇదీ పాతుకుపోయినట్టే ఉంది."

ఎంత సాగదీసినా చివరి పేజీలు వచ్చేశాయి. ఆ రోజు ఆమె ఎందుకో చదవనంది. అతనూ ఎందుకో చదవలేదు. పుస్తకం దళసరి కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టి, "పనైపోయింది, తీసుకెళ్లండి," అంది, ముఖం చూడకుండా. డాక్టరు గుండె అట్ట ఊడిన పుస్తకంలా వేలాడింది. రేపటినుంచి రావడానికి వంకేది? వంకర పళ్లకి క్లిప్పు వేయగలడు గానీ, లేని వంకకి ఏం వేస్తాడు?

క్లినిక్కులో కాగితం విప్పాడు. చివరి ఫారం తీశాడు.

'ముందు ఆ తడిసిన చొక్కా ఆరేయండి, తరవాత మాట్లాడదాం...'

నోరు తెరుచుకు కూర్చున్న పేషెంటుని, "ఇక మూసుకోవచ్చు, రేపు రండి," అని పంపేసి, పుస్తకాన్ని ఏప్రన్‌లో చుట్టి వానలోకి పరుగెత్తాడు. వాన అతన్ని నిలువెల్లా కడిగేసింది. పుస్తకం మాత్రం తడవలేదు. షాపు తలుపు దబదబా బాదాడు. ఆమె తీసింది.

"మళ్లీ తప్పు ఫారం పడింది!" అన్నాడు వగరుస్తూ.

జుట్టులోంచి నీళ్లు ముక్కు మీదికి, ముక్కు మీంచి గడ్డం మీదికి కారుతున్నాయి. చూసి ఆమె నవ్వాపుకుంది.

"ముందు ఆ తడిసిన చొక్కా ఆరేయండి. తరవాత మాట్లాడదాం."

వెనకనుంచి ఓ పొడి చొక్కా ఎగురుకుంటూ వచ్చి డాక్టరు మీద పడింది. అంతటా జిగురు మరకలే. ఓనరుది.

మార్చుకొచ్చాక అడిగాడు. "పొరపాటా? కావాలనా?"

"మొదటిసారి పొరపాటు. ఈసారి కావాలనే." ఆమె గొంతు తగ్గింది. బల్ల సొరుగులోంచి అతని ఫారం తీసి, చివరి పేజీ ముందుంచింది. "చదవండి."

'ఇంతవరకు సాగిన చర్చ వల్ల తేలేదేమనగా, జవాబును రెండవ సంపుటంలో పరిశీలిద్దాం.'

"రెండో సంపుటం ఏదీ?"

"లేదు. ఆయన రాయడం మానేసి గులాబీలు పెంచుకుంటున్నారట. పబ్లిషరు గారు చెప్పారు. మీరు అంత ఆశ పెట్టుకున్నారు కదా... ఇది చూస్తే కుంగిపోతారు. జవాబు లేదని తెలిస్తే ఇంక ఇటు రారు. అందుకే."

డాక్టరు కుంగలేదు. జిగురు చొక్కాలో ఇంకాస్త పొడుగయ్యాడు.

"క్లినిక్కు మూసుకుని నేను రోజూ వచ్చింది ఆయన జవాబు కోసం అనుకున్నారా?"

"మరి?"

నోరు తెరిచాడు. మూశాడు.

"ఊరందరి చేతా నోరు తెరిపిస్తారు," అంది ఆమె. "మీరూ ఒక్కసారి సరిగ్గా తెరవండి డాక్టరు గారూ. నొప్పి లేకుండా చూస్తాను."

"నేను... మీరు... అంటే రోజూ ఇలాగే... హాచ్!"

"ఇదేం జవాబు?"

"మీ హీరో చివరి పేజీలో ఇచ్చిన జవాబు కూడా ఇదేనండీ," అన్నాడు దీనంగా. "తుమ్ముతాడు. ఆమె నవ్వి తలుపేస్తుంది. ఇద్దరూ లోపలే ఉంటారు. అంతే. మీరు ఎంతో ఊహించుకుని ఉంటారని చదవలేకపోయాను."

ఆమె పుస్తకం లాక్కుని చూసుకుంది. "ఇన్నాళ్లూ దాచింది ఈ తుమ్మునా!"

"అతను తుమ్మి ఊరుకున్నాడు. నేను ఊరుకోను. నాకు రెండో సంపుటం అక్కర్లేదు. రోజుకో పేజీ చాలు, మీరు పక్కనుంటే. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

మిషను ఎప్పుడో ఆగిపోయింది.

ఆమె లేచి వెళ్లి తలుపు వేసి వచ్చింది. వచ్చి అతని పక్కన కూర్చుంది.

"హాచ్!" అన్నాడు డాక్టరు, ఆనందం పట్టలేక.

"చిరంజీవ!" అన్నాడు వెనకనుంచి ఓనరు. "ఇద్దరికీ కలిపే అన్నానమ్మాయ్. ఇంక ఆ పుస్తకాలు విప్పకు. వాటిని అలాగే ఉండనీ."

డాక్టరు చొక్కా ఆరేదాకా ఉండమన్నారు. మంచి వాన. సాయంత్రందాకా ఆరనివ్వలేదు.