డ్రైవర్ గారి చొక్కా

"మెడ, పదహారు," అంది అమ్మ.

టేపు పుస్తకంలో పద్నాలుగు అని రాసింది.

టేపు అంటే ఇక్కడ పదకొండేళ్ల అమ్మాయి. అమ్మ కుట్టు దుకాణంలోనే పెరిగి, మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేసుకుని తిరుగుతుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆరేళ్ల తమ్ముడిని గుండీ అంటారు. వాడి జేబుల్లో చెయ్యి పెడితే అవే దొరుకుతాయి మరి.

దుకాణంలో పద్ధతి ఒకటే. అమ్మ కొలిచి అంకె చెబుతుంది, టేపు రాస్తుంది. అమ్మ మళ్లీ అడగదు. ఆ అంకెల్ని కళ్లు మూసుకుని నమ్మి కత్తెర ఆడిస్తుంది.

"చెయ్యి, ఇరవై అయిదు."

టేపు పందొమ్మిది అని రాసింది.

అద్దం ముందు నిలబడ్డ మనిషి తొమ్మిదో నంబరు బస్సు డ్రైవర్. దుకాణం తలుపు దగ్గర తల వంచుకుని లోపలికి రావాల్సినంత పొడుగు అని గుండీ ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆదివారం నాలుగింటికి అమ్మ ఆయనతో కాఫీకి వెళ్తోంది. అమ్మా నాన్నా విడిపోయి మూడేళ్లయింది. "ఆయన మంచివాడు. కాస్త మాట్లాడుకుందాం అనుకుంటున్నాం," అని అమ్మే పిల్లలిద్దరికీ చెప్పింది.

టేపు "ఊ" అంది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయింది. ఆదివారం అంటే షట్టర్ దించేసి, కటింగ్ బల్ల మీద ముగ్గురూ పింగ్‌పాంగ్ ఆడుకునే రోజు. దాన్ని ఎవరో వచ్చి ఎత్తుకుపోతే ఎలా? చొక్కా పాడైతే ఆయన అమ్మతో గొడవ పడతాడు, కాఫీ సంగతి అంతటితో సరి. అదీ టేపు వేసిన ఎత్తు.

వేరే వారమైతే అమ్మ కనిపెట్టేసేదే. కానీ ఆ వారం స్కూలు యూనిఫాంలు నలభై ఉన్నాయి. పిల్లల చొక్కాల మధ్య పందొమ్మిది అంగుళాల చెయ్యి పొడుగ్గానే కనిపించింది.

ఆదివారం మూడున్నరకి డ్రైవర్ గారు వచ్చారు. కొత్త చొక్కా తీసుకుని తెర వెనక్కి వెళ్లారు. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

చివరికి వచ్చారు. చొక్కా చేతులు మోచేతులు దాటి నాలుగు వేళ్లు దిగి అక్కడితో ఆగిపోయాయి. కాలర్ బిగిసి ముఖం ఎర్రబడింది.

"బావుందండీ," అన్నారు. గొంతు ఈలలా వచ్చింది.

గుండీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంకుల్, మీ చొక్కా ఇంకా పెరగాలా?"

"పెరుగుతుందేమో చూద్దాం. అయినా బస్సు నడిపేటప్పుడు ఎలాగూ చేతులు మడుస్తాను. మీ అమ్మగారు నాకా పని తప్పించారు."

గొడవ పడాల్సిన మనిషి గొడవ పడకపోతే ఏం చేయాలో టేపు ఆలోచించుకోలేదు.

అమ్మ మాత్రం నవ్వలేదు. పుస్తకం తెరిచి చూసింది. "పందొమ్మిది అనే ఉంది. అంటే నేనే అలా చెప్పానన్నమాట." స్టూలు మీద కూలబడింది. "పన్నెండేళ్లలో ఒక్క చొక్కా ఇలా రాలేదు. మనసెక్కడో పెట్టి కొలిచాను. ఏమీ అనుకోకండి, ఇవాళ కాఫీ వద్దు. ఇక ఎప్పుడూ వద్దులెండి. నాకు పని చాలు, పిల్లలు చాలు."

డ్రైవర్ గారు ఏదో అనబోయారు. కాలర్ అడ్డం వచ్చింది.

టేపు కోరుకున్నదే జరిగింది. కానీ అమ్మ తన చేతుల్ని తనే నమ్మలేనట్టు చూసుకుంటోంది. అది చూడలేక టేపుకి ఏడుపొచ్చింది.

"నువ్వు ఇరవై అయిదే చెప్పావమ్మా. నేనే పందొమ్మిది రాశాను. మెడ కూడా తప్పు రాశాను. కావాలనే."

అమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఎందుకూ?" అంది.

"ఆదివారం మనది కదా. ఇవాళ వెళ్తే ప్రతివారం వెళ్తావు."

"ఆ మాట నాతో అనాలి. కోపమొస్తే ఇల్లదిరిపోయేలా అరిచెయ్, పడతాను. పుస్తకంలో మాత్రం అబద్ధం రాయకు. దాన్ని నమ్మే కదా నేను గుడ్డ మీద కత్తెర పెట్టేది." అమ్మ ఆగి, టేపు కళ్లు తుడిచింది. "కాఫీ గంటన్నరే. ఆరింటికల్లా పింగ్‌పాంగ్‌కి ఈ బల్ల దగ్గర ఉంటాను."

డ్రైవర్ గారు మెల్లగా కాలర్ విప్పుకున్నారు. "పింగ్‌పాంగా? నాకూ వచ్చు. ఎవరితో ఆడినా ఓడిపోతాను."

"అయితే మీరూ రండి," అన్నాడు గుండీ వెంటనే. "ఆ చొక్కా నాకిచ్చేయండి. నేను పెరిగేదాకా దాచుకుంటాను."

టేపు ముక్కు చీదుకుని స్టూలు లాక్కుంది. "అంకుల్, మీ పాత చొక్కా వేసుకుని రండి. మళ్లీ కొలవాలి." మెడలోంచి టేపు తీసి స్టూలెక్కింది. అమ్మ పుస్తకం అందుకుంది.

"మెడ, పదహారు. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు చాపండి." టేపు రెండుసార్లు కొలిచింది. "చెయ్యి, ఇరవై అయిదున్నర."

అమ్మ తలెత్తింది. "ఇరవై అయిదు కదా?"

"అది ఊరికే నిలబడితే. ఈయన రోజంతా బస్సు నడుపుతారుగా. చేతులు చాపితే పైకి పోతుంది."

అమ్మ ఇంకేమీ అడక్కుండా ఇరవై అయిదున్నర అని రాసుకుంది.