గేటు బయట సంతకం

ఆ ఇంట్లో ముగ్గురికీ ఉన్నది ఒకటే అద్దం. ముందుగదిలో, చెప్పుల అరకు పైన. తండ్రి కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు బిగిస్తాడు. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడ్డాడంటే ఒక పట్టాన కదలడు. తల్లిది బడి గేటు దగ్గర ఉద్యోగం. ఏడున్నరకల్లా తన కుర్చీలో ఉండాలి. అదే బళ్లో పదో తరగతి చదివే చిట్టి రోజూ ఈ ఇద్దరితోనూ అద్దం కోసం పోట్లాడుతుంది. ఆ ఉదయం మాత్రం అద్దం ఛాయలకు కూడా రాలేదు. నుదుటి మీదికి జుట్టు దించుకుని, గోడ వైపు తిరిగి బూట్ల తాళ్లు కట్టుకుంటోంది.

"ఆ జుట్టు వెనక్కి దువ్వుకోవే. గేటు దగ్గర నేనే ఆపాల్సొస్తుంది" అంది తల్లి.

"తలనొప్పిగా ఉందమ్మా."

"తలనొప్పికీ జుట్టుకీ ఏమిటి సంబంధం?"

దువ్వెన తీసుకుని తల్లే ఆ జుట్టును పక్కకు తోసింది. ఎడమ కనుబొమ్మ చివర చర్మంలోంచి దూరి బయటికొచ్చిన చిన్న తెల్లటి రింగు కనిపించింది. దాని చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏమిటిది?"

"రింగు."

"రింగని నాకూ కనబడుతోంది. ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. మార్కెట్ వెనక షాపులో. అతను చేతులకి గ్లౌజులు వేసుకునే చేశాడమ్మా."

"ఓహో. గ్లౌజులు వేసుకుంటే దొంగతనం కూడా తప్పు కాదు కాబోలు."

తండ్రి సగం గీసిన గడ్డంతోనే వచ్చాడు. కళ్లజోడుకు కొలత తీసేటప్పటిలా కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు. "ఇంత చిన్న మర నేను కూడా ఎప్పుడూ బిగించలేదు" అన్నాడు.

"మీరు మెచ్చుకోకండి. ముందు అది విప్పండి."

అతను సంచిలోంచి సన్నటి స్క్రూడ్రైవరు, పట్టకారు తీశాడు. పట్టకారు కొస రింగుకు తగలగానే చిట్టి పళ్లు బిగించి వెనక్కి వాలిపోయింది. అతను చెయ్యి తీసేశాడు. "వాచిపోయింది. ఇప్పుడు లాగితే రక్తం కారుతుంది. డాక్టరే తియ్యాలి."

"డాక్టరు సాయంత్రం గానీ రాడు. మధ్యాహ్నం దీనికి సైన్సు ప్రయోగాల పరీక్ష. మళ్లీ పెట్టరు."

బడి నియమం ఆమెకు కంఠతా వచ్చు. చెవులకు తప్ప ముఖం మీద ఎక్కడా ఏదీ కుట్టించుకోకూడదు. కుట్టించుకుంటే గేటు బయట బల్ల మీదే కూర్చోవాలి. తల్లో తండ్రో వచ్చి, తీయిస్తామని రిజిస్టరులో సంతకం పెడితేనే లోపలికి రానిస్తారు. తొమ్మిదేళ్లుగా ఈ నియమాన్ని ఎందరో పిల్లలకు చదివి వినిపించింది.

పిల్లల ఎత్తులు కూడా ఆమెకు బాగా తెలుసు. పెదవి కిందో ముక్కు మీదో ప్లాస్టరు వేసుకుని వచ్చి, పడ్డామనో పురుగు కుట్టిందనో చెబుతారు. ఆమె నవ్వుతూనే "తియ్యి తల్లీ, గాలి తగిలితే త్వరగా మానుతుంది" అంటుంది. ఈ ముక్కను అదే గొంతుతో అనడం బళ్లో అందరికీ వచ్చు. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గేటమ్మ.

గేటమ్మ మందుల డబ్బా తెరిచి ప్లాస్టరు తీసింది. "కళ్లు మూసుకో" అంది.

చిట్టి ఏదో అనబోయి ఆగిపోయింది. కళ్లు మూసుకుంది.

బడి గేటు పక్కన, ఎత్తైన అరుగు మీద కిటికీ ఉన్న చిన్న గది ఉంది. గదిలో ఒక కుర్చీ, బల్ల, బల్ల మీద పొడుగాటి రిజిస్టరు. పిల్లలు కిటికీ ముందుకు వరుసలో వస్తుంటే ఆమె గోళ్లు, జుట్టు, ముఖాలు చూసి లోపలికి పంపుతోంది. చిట్టి వంతు వచ్చింది. ఆమె తల ఊపి పంపేయబోయింది.

చిట్టి వెనక నిలబడిన పొడుగాటి అమ్మాయిని క్లాసులో అందరూ నిచ్చెన అంటారు. రెండు వారాల క్రితం ఆ పిల్ల పెదవి కింద పూస కుట్టించుకుని, దాని మీద ప్లాస్టరు వేసుకొచ్చింది. గేటమ్మ పట్టేసింది. నిచ్చెన వాళ్లమ్మ లాండ్రీలో పని వదిలి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే పరుగు పందెం జట్టు ఎంపిక అయిపోయింది. బళ్లో ఆ పిల్లను మించి పరిగెత్తేవాళ్లు ఎవరూ లేరు.

"అది కూడా తీయించండి గేటమ్మా" అంది నిచ్చెన మెల్లగా. "గాలి తగిలితే త్వరగా మానుతుంది కదా."

వరుసంతా ఘొల్లుమంది.

"అది దెబ్బ. మెట్ల మీద పడింది" అంది తల్లి. రిజిస్టరు మీంచి చూపు ఎత్తలేదు.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ చిట్టిని చూస్తున్నారు.

"మా ఇంట్లో కూడా మెట్లుంటే బాగుండేది" అని నిచ్చెన లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం చిట్టి ఇంటికొచ్చి సంచి మూలకు విసిరింది. తల్లి వెనకే వచ్చింది.

"పరీక్ష ఎలా చేశావ్?"

"చేశాను."

"ఇలా రా, చూడనీ." తల్లి ప్లాస్టరు అంచు పట్టి నెమ్మదిగా లాగింది. రోజంతా చెమటకు నాని, కింద చీము పట్టింది. కనురెప్ప సగం మూసుకుపోయింది. భయమేసినా ఆమె నోట్లోంచి కోపమే వచ్చింది. "చూడు, నీ పొగరుకి కన్ను పోయేలా ఉంది."

"పొగరా? ఎందుకు కుట్టించుకున్నానో ఒక్కసారైనా అడిగావా అమ్మా?"

"అడగడానికేముంది? నలుగురిలో గొప్పగా కనబడాలని."

"నలుగురిలో!" చిట్టి నవ్వింది. ఆ నవ్వు బాగాలేదు. "నేను ఏ నలుగురిలో ఉన్నానమ్మా? నన్ను చూడగానే మాటలు ఆపేస్తారు. గేటమ్మ కూతురొస్తోంది, జాగ్రత్త అంటారు. ఎవరి సంచిలో ఏముందో నాకు చూపించరు, పుట్టినరోజుకి పిలవరు. ఆ రిజిస్టరులో మా క్లాసు అమ్మాయిలందరి పేర్లూ ఉన్నాయి. నాది తప్ప."

"పేరు లేనందుకు సంతోషించాలి గానీ..."

"నువ్వు రాస్తావనుకున్నా. గేటు దగ్గర జుట్టు తీసి చూపిద్దామనుకున్నా. అందరి ముందూ నువ్వు నన్ను ఆపేస్తే, ఇది కూడా మనలాంటిదే అనుకుంటారని. నువ్వు ఇంట్లోనే చూసేశావ్. ప్లాస్టరు వేసేశావ్. ఇప్పుడు చూడు, దొంగని కూడా అయ్యాను. ప్రయోగశాలలో నా బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు."

"నీ పరీక్ష పోతుందని భయపడ్డానే! ఆ పిల్లకి జట్టు పోయినట్టు నీకు..."

"నిచ్చెన వాళ్లమ్మ ఎక్కడో పనిలో ఉంది కాబట్టి ఆలస్యమైంది. నువ్వు అక్కడే ఉన్నావుగా అమ్మా. లేచి, గేటు బయటికొచ్చి, సంతకం పెడితే రెండు నిమిషాల పని. పరీక్ష ఎందుకు పోతుంది?"

తల్లి చేతిలోని ప్లాస్టరు వైపు చూసుకుంది.

నిజమే. పొద్దుట ఆ ఆలోచనే రాలేదు. తొమ్మిదేళ్లలో ఆ కిటికీకి అవతల ఎందరో తల్లులు నిలబడ్డారు. తానూ ఒక తల్లినేనని, తనకూ అక్కడ నిలబడే పని పడవచ్చని ఎన్నడూ తోచలేదు. తన చేత్తో తన కూతురి పేరు రాయడం ఒక్కటే అసాధ్యంగా కనిపించింది. దాని కోసం అబద్ధమాడింది.

అప్పుడే వచ్చిన తండ్రి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది" అన్నాడు. అతని గొంతులో వేళాకోళం లేదు. "రోజంతా ఊళ్లోవాళ్ల ముఖాలు కొలుస్తాను. నా కూతురి ముఖంలో ఇంత దిగులుందని కనిపెట్టలేకపోయాను. పదండి, డాక్టరు దగ్గరికి."

డాక్టరు రింగు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. గాయం కడుగుతూ విసుక్కున్నాడు. "దీని మీద ప్లాస్టరు ఎవరేశారు? గాలి తగలాలని తెలీదా?"

"నేనేనండీ" అంది తల్లి.

చిట్టి అమ్మ వైపు చూసింది. ఆ మాట అమ్మ బయటివాళ్ల ముందు ఒప్పుకుంటుందని ఆమె అనుకోలేదు.

మర్నాడు గేటు తెరవకముందే తల్లి ప్రిన్సిపాల్ గదికి వెళ్లి జరిగింది చెప్పింది. ప్రిన్సిపాల్ బల్ల మీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పింది.

"మీ మీద ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. మీరిలా చేస్తారనుకోలేదు."

"నేనూ అనుకోలేదు మేడమ్. ఆ పొడుగమ్మాయికి మళ్లీ ఒకసారి పరుగు పెట్టించలేరా?"

"జట్టు పేర్లు వెళ్లిపోయాయి. ఇక కుదరదు. మిమ్మల్ని గేటు దగ్గర ఉంచాలా వద్దా అన్నది సోమవారం చెబుతాను."

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. వరుస కదిలింది. చిట్టి ముందుకొచ్చింది. నుదుటి మీద జుట్టు లేదు, ప్లాస్టరూ లేదు. వాచిన కన్నుతో అమ్మకు ఎదురుగా నిలబడింది. తల్లి రిజిస్టరులో నిన్నటి పేజీ తెరిచి, కూతురి పూర్తి పేరు రాసింది. అది ఇంట్లో ఎవరూ పిలవని పేరు. తరగతి పది. తప్పు: కనుబొమ్మకు రింగు. దాని పక్కనే మరో ముక్క చేర్చింది: ప్లాస్టరు వేసి దాచింది తల్లి.

తర్వాత లేచింది. చిన్న తలుపు తీసుకుని, గేటు చుట్టూ తిరిగి, బయటికొచ్చి కిటికీ ముందు నిలబడింది. పిల్లలు గుసగుసలు మానేసి చూస్తున్నారు.

బయటి నుంచి ఆ కిటికీ చాలా ఎత్తు. ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. మునివేళ్ల మీద లేచి చెయ్యి చాపితే గానీ రిజిస్టరు అందలేదు. ఎండ నేరుగా కళ్లలో పడుతోంది. గాలికి పేజీ లేచిపోతోంది. ఇక్కడే నిలబడి ఎంతమంది తల్లులు తడబడ్డారో, 'త్వరగా పెట్టండమ్మా' అని తాను ఎన్నిసార్లు తొందరపెట్టిందో గుర్తొచ్చింది.

పక్కనుంచి ఒక పొడుగాటి చెయ్యి వచ్చి పేజీని అదిమి పట్టుకుంది.

"ఇక్కడ పెట్టండి" అంది నిచ్చెన. "మా అమ్మకి కూడా అందలేదు."

"తప్పైపోయింది తల్లీ" అంది ఆమె.

నిచ్చెన పేజీనే చూస్తోంది. చెయ్యి మాత్రం తియ్యలేదు. సంతకం పెట్టేసరికి అక్షరాలు వంకర పోయాయి.

పిల్లలిద్దరూ గేటు దాటారు. నాలుగడుగులు దూరం దూరంగా నడిచారు. అప్పుడు నిచ్చెన అడగడం వినిపించింది, "నొప్పేసిందా?"

"చచ్చేంత" అంది చిట్టి.

"నాకూ" అంది నిచ్చెన.

తల్లి కలం పట్టుకుని అక్కడే, గేటు బయటే నిలబడిపోయింది. వరుసలో ముందున్న చిన్న పిల్ల ఆమె ముఖంలోకి చూసి, "గేటమ్మా, మేం లోపలికి వెళ్లొచ్చా?" అంది.

"ఒక్క నిమిషం తల్లీ" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.